డయాలసిస్ రోగుల యోగక్షేమాలు

(దేవస్థాన ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాకరణం చెప్పుకొని బ్రతికిన నేను మూత్రపిండాల వ్యాధిని గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కారణం చెబుతాను. కొంతకాలంగా ఈ ప్రాంగణంలో భక్తులు నన్ను అడిగే ధర్మసందేహాలలో ఒక కొత్త రకం చేరింది. డయాలసిస్ చేయించుకుంటున్నాను, తీర్థం పుచ్చుకోవచ్చునా? కడుపులో గొట్టం ఉన్నది, పూజకు కూర్చోవచ్చునా? ఏకాదశి మానితే దోషమా? ఇంకొక వైపు దాతలు అడుగుతున్నారు: ఆసుపత్రికి డయాలసిస్ యంత్రం సమర్పించాలనుకుంటున్నాము, అంతకంటె మేలైనది ఏదైనా ఉన్నదా? ఈ రెండు విధాల ప్రశ్నలకూ సమాధానం ఒక్కచోటనే దొరుకుతుందని నాకు తోచింది. ఆ రోగి తెల్లవారి లేచినది మొదలు పడుకొనేదాకా ఎలా గడుపుతున్నాడో చూడాలి.

నేను వైద్యుణ్ణి కాను. అయితే మా ఇంట ఒక తమ్ముడు, పాఠశాలలో నావద్ద చదువుకున్న ఒక శిష్యుడు, ఇద్దరూ ఈ వ్యాధితో కాలం గడుపుతున్నవారే. ఇద్దరివీ వేర్వేరు పద్ధతులు. వారివల్ల చూచినది, వారి వైద్యులు ఓపికతో చెప్పగా విన్నది, చదివి తెలుసుకున్నది మీ ముందుంచుతాను.

మన పెద్దలు కుశలమడిగేటప్పుడు యోగక్షేమాలు అడుగుతారు. లేనిదానిని పొందడం యోగం, ఉన్నదానిని కాపాడుకోవడం క్షేమం. డయాలసిస్ వల్ల రోగికి లభించేది యోగం. పోవలసిన ప్రాణం నిలిచింది, రోజులు దొరికినవి. ఆ దొరికిన రోజులలో అతని పని, పూజ, నిద్ర, రుచి, నలుగురితో మాట ఎంతవరకు నిలిచినవన్నది క్షేమం. ఆధునిక వైద్యులు దీనినే జీవన నాణ్యత అంటున్నారు. మొదటిదానిని రక్తపరీక్ష చెబుతుంది. రెండవదానిని రోగి తప్ప మరెవరూ చెప్పలేరు.

మూత్రపిండాలు చేసే పని సామాన్యమైనది కాదు. ఆరోగ్యవంతునిలో అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో కావలసినదంతా తిరిగి రక్తంలోకి పంపి, లీటరు, రెండు లీటర్లు మాత్రమే బయటికి వదులుతవి. వారానికి 168 గంటలూ వాటికి విరామం లేదు. అవి చెడినప్పుడు ఆ పనిని పైనుండి చేయించడమే డయాలసిస్. ఇది గ్రీకు మాట, విడదీయడమని అర్థం. 1943లో నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ అనే వైద్యుడు యుద్ధకాలపు కొరతల నడుమ మొదటి యంత్రాన్ని తయారుచేశాడు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతిలో అమర్చిన గొట్టం వల్ల పదే పదే డయాలసిస్ చేయడం సాధ్యమైంది. ఆ వెనుక కొద్ది కాలానికే, ఉన్న కొద్ది యంత్రాలను ఎవరికి ఇవ్వాలో నిర్ణయించడానికి ఆ ఊరిలో పౌరుల సంఘాన్ని కూర్చోబెట్టవలసి వచ్చిందట. ఎవరు బ్రతకాలో ఓటు వేసిన సంఘమది. ఆ దుస్థితి నేడు చాలావరకు తొలగినందుకు సంతోషించాలి. మన దేశంలో 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం మొదలై జిల్లా ఆసుపత్రులకు యంత్రాలు వచ్చినవి.

పద్ధతులు ముఖ్యంగా రెండు. రక్తాన్ని బయటికి తీసి యంత్రంలో శుద్ధి చేసి తిరిగి పంపడం హీమోడయాలసిస్. రక్తాన్ని కదల్చకుండా కడుపులోని పొరనే జల్లెడగా వాడుకోవడం పెరిటోనియల్ డయాలసిస్. పెరిటోనియం అంటే చుట్టూ సాగి ఉన్న పొర. ఆ మాటలోని పెరి మన 'పరి' ఉపసర్గకు, తక్కిన భాగం మన 'తన్' ధాతువుకు తోబుట్టువులు. పరితానం అనుకున్నా తప్పు లేదు. వృద్ధ వైయాకరణుడికి ఇటువంటివి కనబడితే చెప్పకుండా ఉండడం కష్టం, క్షమించండి.

మొదట నా శిష్యుని సంగతి. అతనిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఉద్యానమనే మాటే అలా మారిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటల నేల. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొన్ని దశాబ్దాలుగా, మధుమేహం గాని రక్తపోటు గాని లేని కష్టజీవులకు సైతం మూత్రపిండాలు చెడిపోతున్నవి. నీరా, ఎండా, పురుగుమందులా, వంశమా అని పరిశోధకులు వెదకుతూనే ఉన్నారు. ఇదీ కారణమని తేలలేదు. కేంద్రాలు దగ్గరకు రాకముందు అక్కడివారు చాలామంది విశాఖపట్నం దాకా పోవలసి వచ్చేది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి.

ఈ శిష్యుడు తన గ్రామంలోని ఆలయంలో అర్చకుడు. వారానికి మూడు పర్యాయాలు డయాలసిస్, ఒక్కొక్క పర్యాయం 4 గంటలు. ఎడమ చేతిలో ఒక ధమనిని, ఒక సిరను శస్త్రచికిత్సతో కలిపి ఉంచారు. దానిని ఫిస్టులా అంటారు. ఆ చోట వేలు పెడితే తుమ్మెద రొదవంటి కంపం తెలుస్తుంది. ప్రతిదినం లేవగానే కరదర్శనంతో పాటు ఆ కంపం ఉన్నదో లేదో చూచుకోవడం అతనికి నిత్యవిధి. అది ఆగితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ చేతికి రెండు లావుపాటి సూదులు వేస్తారు. నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున లెక్క వేస్తే 4 గంటలలో 72 లీటర్లు. ఒంటిలో ఉండే 5 లీటర్ల రక్తమే పధ్నాలుగు మారులు యంత్రం గుండా తిరిగి వస్తుందన్న మాట. అందుకు ఒక్క పర్యాయానికి 120 లీటర్ల దాకా శుద్ధిచేసిన నీరు కావాలి.

యంత్రం దిగిన తరువాత ఎలా ఉంటుందని అడిగితే, "పిండి దండెం మీద వేసిన బట్టలా ఉంటాను గురువుగారూ" అన్నాడు. ఆ పూట ఏ పనీ సాగదు. కాళ్ళు కొంకర్లు పోవడం, రక్తపోటు పడిపోవడం అప్పుడప్పుడు ఉన్నదే. మరునాడు మనిషి. ఆ తరువాతి రోజు మళ్ళీ ప్రయాణం. మూత్రపిండాల రోగులనే కూర్చోబెట్టి మీకు అన్నిటికంటె ముఖ్యమైనదేమిటని వివిధ దేశాల పరిశోధకులు అడిగినప్పుడు, హీమోడయాలసిస్ రోగులు చెప్పినవాటిలో అలసట అగ్రస్థానంలో ఉన్నది. వైద్యులు ఆయుర్దాయాన్ని ముందు పెడతారు. రోగులు అలసటను, ప్రయాణం చేయగలగడాన్ని, యంత్రం లేని ఖాళీ సమయాన్ని కూడా దానితో సమానంగా పెట్టారు. ఇది ఆలోచించదగిన సంగతి.

అతని జీవితంలో పెద్ద మార్పు తెచ్చినది కొత్త మందు కాదు. మొదట అతనికి తెల్లవారి మొదటి వంతు ఇచ్చారు. దానివల్ల వారానికి మూడు ఉదయాలు స్వామికి అభిషేకం మరొకరు చేయవలసి వచ్చేది. "ప్రాణం నిలిచింది గాని నేను అర్చకుణ్ణి కాకుండా పోయాను" అని నావద్ద కన్నీరు పెట్టుకున్నాడు. కేంద్రంలోని సాంకేతిక సిబ్బందికి ఈ సంగతి విన్నవించుకున్నాడు. వారు మంచివారు; మధ్యాహ్నపు వంతుకు మార్చారు. ఇప్పుడు ఉదయార్చన ముగించి, మహానైవేద్యం పెట్టి, బస్సు ఎక్కుతాడు. సూదులు అవే, యంత్రం అదే, 4 గంటలూ అవే. క్షేమం మాత్రం వేరు.

దాహం అతనికి రెండవ కష్టం. మూత్రం రానివారు తాగిన ప్రతి చుక్కా ఒంటిలోనే నిలుస్తుంది. కాళ్ళు వాస్తాయి, ఊపిరి ఆడదు, గుండె మీద భారం పడుతుంది. అందుచేత రోజుకు ఇంత అని వైద్యులు కొలిచి ఇస్తారు. అతడు ఒకనాడు నన్నడిగిన ప్రశ్న ఇది: మూడు సంధ్యలలో ఆచమనం చేస్తాను గదా, ఆ నీరు లెక్కలోకి వస్తుందా? ఆచమనానికి మినపగింజ మునిగేటంత నీరు చాలునని ధర్మశాస్త్రం. ఆ ప్రమాణంతో చేస్తే రోజు మొత్తానికి కొన్ని చెంచాలకు మించదు. కొలిచి చూచుకొమ్మన్నాను. చూచుకొని, ఆ నీటిని తన కోటాలో చేర్చుకొని, మిగిలినది తాగుతున్నాడు. పెద్దలు మినపగింజను ఎందుకు ఎంచుకున్నారో గాని, ఉద్దానంలో ఒక అర్చకునికి ఇలా పనికివచ్చింది.

ఇక మా తమ్ముడు. వాడిది గోదావరి లంక గ్రామం. వరదలు వస్తే కాజ్‌వే మునుగుతుంది, పంటు ఆగుతుంది. వారానికి మూడుసార్లు ఏరు దాటి పట్టణానికి పోవడం అక్కడ కుదిరే పని కాదు. వైద్యులు రెండు పద్ధతులూ వివరించి నిర్ణయం వాడికే వదిలారు. వాడు ఇంటి వద్ద చేసుకొనే పెరిటోనియల్ డయాలసిస్ ఎంచుకున్నాడు. 1976లో అమెరికాలో పోపోవిచ్, మాన్‌క్రీఫ్ అనే ఇద్దరు దీనికి మార్గం చూపారు. బొడ్డుకు ప్రక్కగా మెత్తని గొట్టం ఒకటి శాశ్వతంగా అమర్చుతారు. సంచిలోని 2 లీటర్ల ద్రవాన్ని దాని గుండా కడుపులోకి ఎక్కించి, నాలుగైదు గంటలు ఉంచి, బయటికి వదిలి మళ్ళీ కొత్తది నింపుతారు. రోజుకు 4 మారులు, మారుకు సుమారు అరగంట. రాత్రి నింపినది తెల్లవారేదాకా ఉంటుంది. రాత్రివేళ నిద్రలోనే యంత్రం చేత ఈ మార్పిడి చేయించుకొనే పద్ధతి కూడా ఉన్నది. దానికి ఖర్చు ఎక్కువ, విద్యుత్తు నిలకడగా ఉండాలి.

మా మరదలు జీవితమంతా మడి పాటించిన మనిషి. మొదటివారం నాతో అన్నది: "బావగారూ, నా మడి ఏపాటిది, ఈ నర్సమ్మ నేర్పిన మడి ముందు!" నిజమే. తలుపులు, కిటికీలు మూయాలి. ఫ్యాను ఆపాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టాలి. మోచేతులదాకా సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. గొట్టం కొన వేలికి గాని బట్టకు గాని తగలరాదు. తగిలిందా, సూక్ష్మజీవులు కడుపులోకి ప్రవేశించి పొర వాస్తుంది. బయటికి వచ్చిన ద్రవం లేత గడ్డిరంగులో తేటగా ఉండాలి. మా తమ్ముడు ఆ సంచిని పంచాంగం మీద పెట్టి, దాని గుండా ఆనాటి తిథి, నక్షత్రం చదువుతాడు. అక్షరాలు కనబడితే క్షేమం. ఒకసారి కనబడలేదు, బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నది, కడుపులో నొప్పి. గంట కూడా ఆగక ఆ సంచితో సహా ఏరు దాటించారు. ఆ ద్రవంలోనే మందు కలిపి ఎక్కించారు. రెండు వారాలకు కోలుకున్నాడు.

ఈ పద్ధతిలో రక్తం కోల్పోవడం లేదు, సూదులు లేవు, శుద్ధి నిత్యం నెమ్మదిగా జరుగుతుంది కనుక ఆ పిండినట్టి అలసట తక్కువ. మిగిలి ఉన్న కొద్దిపాటి మూత్రపిండ శక్తి కొంతకాలం ఎక్కువ నిలుస్తుందని వైద్యులంటారు. ఆహార నియమాలు కొంత సడలుతవి. వాడు సాయంకాలం అరుగు మీద పురాణం చెబుతూనే ఉన్నాడు. మధ్యలో అరగంట లేచి వెళ్ళి వస్తాడు, శ్రోతలు కాచుకొని ఉంటారు. కష్టాలూ ఉన్నవి. ద్రవంలో చక్కెర ఉంటుంది గనుక బరువు, మధుమేహం పెరుగుతవి. మాంసకృత్తులు కొంత బయటికి పోతవి, కాబట్టి పప్పు, పాలు, గుడ్డు తినేవారైతే గుడ్డు, వైద్యులు చెప్పిన మేరకు తినాలి. రోజుకు 8 లీటర్లంటే నెలకు 240 లీటర్ల సంచులు. ఇంట ఒక గది వాటికే పోయింది. వర్షాకాలానికి ముందే పంటు మీద పెట్టెలు దించుకోవాలి. అన్నిటికంటె, ఏ రోజూ సెలవు లేదు. వాడి చేతులు ఇటీవల వణుకుతున్నవి; మార్పిడి అంతా మా మరదలే చేస్తున్నది. "రెండు రోజులు పుట్టింటికి వెళ్ళి ఏడాది దాటింది" అన్నది ఒకనాడు, ఫిర్యాదుగా కాదు, లెక్కగా. రోగి క్షేమాన్ని అడిగేవారు ఆమె క్షేమాన్ని అడగడం మరచిపోతారు.

ఇప్పుడు ఏది మేలు? నేనొక లెక్క వేశాను. మా తమ్ముడికి రోజుకు 2 గంటలు, వారానికి 14. శిష్యునికి యంత్రం మీద 12. ప్రయాణం, నిరీక్షణ, అలసట కలిపితే దానికి రెట్టింపు దాటుతుంది. అయితే గంటల లెక్కతోనే తేలదు. ఒకరికి మూడు రోజులు పోయి నాలుగు రోజులు పూర్తిగా మిగులుతున్నవి. మరొకరికి ఏడు రోజులూ మిగులుతున్నవి గాని ఏ ఒక్క రోజూ పూర్తిగా మిగలడం లేదు. ఇంటికి వ్యాధిని తెచ్చుకోను, ఆసుపత్రిలోనే వదిలి వస్తాను అనేవారున్నారు. అక్కడ పక్క మంచం మీది వారితో స్నేహం కలిసి, ఆ మూడు రోజులకోసం ఎదురుచూచే ఒంటరి వృద్ధులూ ఉన్నారు. వారిని ఇంట సంచులతో కూర్చోబెట్టడం మేలు చేయడం కాదు.

పరిశోధనలు కూడా ఒకటే మాట చెప్పడం లేదు. అమెరికాలో 2004లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, చికిత్స మొదలుపెట్టిన కొద్దివారాలకు అడిగితే, పెరిటోనియల్ పద్ధతివారిలో 85 శాతం, హీమోడయాలసిస్ వారిలో 56 శాతం తమకందే సంరక్షణ అత్యుత్తమమన్నారు. పెద్ద తేడాయే. కాని ఇంట చేసుకోగల ఓపిక, తోడు, చదువు ఉన్నవారే ఆ పద్ధతి వైపు మొగ్గుతారని మరువరాదు. థాయిలాండ్ దేశం 2008 నుండి ప్రభుత్వ ఖర్చుతో చేసేవారందరికీ మొదట పెరిటోనియల్ పద్ధతే అన్నది. దానివల్ల దూరపు పల్లెలకు చికిత్స అందింది. 2022లో ఆ విధానాన్ని మార్చి రోగి ఎంచుకోవచ్చునన్నారు. మన దేశంలో దీనికి విపరీతం. పెరిటోనియల్ పద్ధతి ఒకటున్నదని చాలామంది రోగులకు చెప్పేవారే లేరు. జాతీయ కార్యక్రమంలో దానిని చేర్చే మార్గదర్శకాలు 2019లో వచ్చినవి. మీ ఇంట ఎవరికైనా ఈ అవసరం కలిగితే రెండింటిని గురించీ అడగండి. గుండె స్థితి, పూర్వం కడుపుకు జరిగిన శస్త్రచికిత్సలు, ఇంటి శుభ్రత, తోడు ఇవన్నీ చూచి ఏది కుదురుతుందో వైద్యుడు చెబుతాడు. రెండూ కుదిరితే, నీవు ఏ పని చేయలేకపోతే నీవు కానట్టు ఉంటుంది అని రోగిని అడగాలి. మా తమ్ముడికి అది పురాణం, శిష్యునికి అభిషేకం. మరొకరికి కూతురి ఇంట పది రోజులు ఉండడం కావచ్చును.

ఇక ధర్మసందేహాలు. తీర్థం మూడు మారులు పుచ్చుకోవచ్చు. ఉద్ధరిణెతో ఇచ్చేది ఎంత! ప్రసాదం విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. హీమోడయాలసిస్ రోగికి రెండు పర్యాయాల నడుమ రక్తంలో పొటాషియం అనే లవణం పేరుకొంటుంది. అది మితిమీరితే గుండె ఆగిపోతుంది, ముందుగా హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు. కొబ్బరినీళ్ళు, అరటిపండు, పండ్లరసాలలో అది అధికం. ఉద్దానం, కోనసీమ రెండూ కొబ్బరి సీమలే. ఇంటికి వచ్చినవారికి బొండం కొట్టి ఇవ్వడం మర్యాద. ఆ మర్యాద డయాలసిస్ రోగికి చేయకండి. పెరిటోనియల్ రోగికి పొటాషియం నిత్యం బయటికి పోతుంది గనుక కొందరికి అరటిపండు తినమని వైద్యులే చెబుతారు. ఒకే ప్రసాదం ఒకరికి విషం, మరొకరికి ఔషధం. కాబట్టి అర్చకులు బలవంతపెట్టరాదు. కళ్ళకద్దుకొని పక్కవారికి ఇచ్చినా స్వీకరించినట్టే.

ఉపవాసం సంగతి మరీ ముఖ్యం. అన్నం మాని పండ్లు, కొబ్బరినీళ్ళు, పాలతో గడపడం మనవారి ఉపవాసం. ఇది ఈ రోగులకు అన్నం తినడం కంటె ప్రమాదకరం. సైంధవలవణమైనా ఉప్పే. అంగళ్ళలో సోడియం తక్కువని అమ్మే ఉప్పులలో పొటాషియం ఉంటుంది, దాని జోలికి పోరాదు. ఆతురునికి వ్రతనియమాలు సడలించినది శాస్త్రమే. ఔషధం వ్రతభంగం కాదన్నదీ శాస్త్రమే. వైద్యుడు చెప్పిన భోజనం ఔషధమే గనుక ఏకాదశినాడు భోజనం చేసి నామస్మరణ చేయండి. దోషం లేదని నా నిశ్చితాభిప్రాయం.

కడుపున గొట్టం ఉన్నవారు పుష్కరిణిలో, నదిలో మునగరాదు. పుష్కరాలకైనా అంతే. నిలువ నీటి నుండి, పారే నీటి నుండి కూడ గొట్టం చుట్టూ చీము పట్టవచ్చు. మెడలో తాత్కాలిక గొట్టం ఉన్న హీమోడయాలసిస్ రోగికీ ఈ నిషేధం ఉన్నది. ప్రోక్షణ చాలును. తడిబట్టతో ఒళ్ళు తుడుచుకోవడానికి కాపిలస్నానమని పేరుపెట్టి స్నానంగా అంగీకరించినవారు మన ధర్మశాస్త్రకారులు. మంత్రస్నానం, మానసస్నానం ఉన్నవి. సాష్టాంగం, అంగప్రదక్షిణం కూడదు. నిలుచుండి అంజలి ఘటించండి. ఫిస్టులా ఉన్న చేతికి గడియారం, బిగుతైన గాజులు, రక్షాకంకణం కట్టరాదు. ఫిస్టులా తరచు ఎడమ చేతికే ఉంటుంది. స్త్రీలకు కంకణం కట్టేదీ ఎడమ చేతికే. అటువంటివారికి కుడిచేతికి కట్టమని ఇక్కడి పురోహితులకు చెప్పి ఉంచాను. ఆ చేత్తో బరువులెత్తరాదు. పల్లకి మోయడానికి భుజం పట్టేవారు కూడ ఇది గుర్తుంచుకోవాలి.

గొట్టం ఉన్నంత మాత్రాన అశౌచం లేదు. ద్రవం మార్చుకున్న తరువాత చేతులు కడుక్కొని పూజకు కూర్చోవచ్చు. ఆ మార్పిడికి పాటించే శుభ్రతలో పదవవంతు పూజకు పాటించేవారు ఎందరున్నారు? మరొక మాట. రోగి వినేటట్టుగా, ఇది పూర్వజన్మ కర్మ అని కొందరంటారు. తన కష్టాన్ని తాను ఓర్చుకొనడానికి కర్మసిద్ధాంతాన్ని ఆశ్రయించడం వేరు, ఎదుటివాని కష్టాన్ని తూచడానికి దానిని త్రాసుగా పట్టడం వేరు. రెండవది శాస్త్రం ఎరిగినవాడు చేయడు. ఉద్దానంలో ఊళ్ళకు ఊళ్ళు బాధపడుతున్నవి, వారందరూ ఏ పాపం చేశారని?

అవయవమార్పిడి కుదిరినవారికి డయాలసిస్ కంటె అదే మేలైన జీవితమని వైద్యులందరూ అంటున్నారు. 1994లో దానికి చట్టం వచ్చింది. మన రెండు రాష్ట్రాలలోనూ మరణించినవారి అవయవాలను అర్హులకు చేర్చడానికి జీవన్‌దాన్ పథకం ఉన్నది. మన దేశంలో బ్రతికి ఉండి మూత్రపిండం ఇచ్చేవారిలో భార్యలు, తల్లులే అధికం. పురుషులు కొంచెం ఆలోచించుకోవాలి. దధీచి కథ వినేటప్పుడు తలలూపుతాము గదా.

డెబ్బయి దాటినవాణ్ణి గనుక ఇంకొకటి చెప్పే అధికారం నాకున్నది. మిక్కిలి వృద్ధులై, గుండె బలహీనమై, మంచం దిగలేనివారికి డయాలసిస్ వల్ల ఆయువు అంతగా పెరగకపోవచ్చును. పెరిగిన రోజులు ఆసుపత్రిలోనే గడవవచ్చును. అటువంటివారు డయాలసిస్ లేకుండా, ఆయాసానికి, దురదకు, నొప్పికి మందులు వాడుకుంటూ ఇంట ఉండే మార్గాన్ని వైద్యులు చికిత్సగానే గుర్తిస్తారు. దానిని ఎంచుకున్న తండ్రిని బిడ్డలు నిందించరాదు, బిడ్డలను బంధువులు నిందించరాదు.

దాతలకు నా మనవి. యంత్రం ఇవ్వదలచితే మంచిదే. రోజుకు రెండు వంతులు, వారానికి ఆరు రోజులు నడిస్తే ఒక యంత్రం నలుగురికి సరిపోతుంది, మూడు వంతులు నడిస్తే ఆరుగురికి. దానిని నడిపే మనిషి, నీటిని శుద్ధిచేసే ఏర్పాటు, మరమ్మతు లేకపోతే అది మూలన పడి ఉంటుంది. ఇవ్వబోయే ముందు ఇవి ఉన్నవో లేవో విచారించండి. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగుల పింఛనును 2019లో నెలకు 10,000 రూపాయలు చేశారు. చికిత్స ఉచితమైనా, వారానికి మూడు మారులు ఇద్దరు మనుషుల బస్సు ఛార్జీ, తోడు వచ్చినవారు పోగొట్టుకొనే కూలి, యంత్రం దిగాక ఉప్పు తక్కువగా పెట్టే నాలుగు ముద్దలు, వీటికి ఎవరూ లెక్క కట్టడం లేదు. ఒక కుటుంబానికి ఏడాది ప్రయాణ వ్యయం భరించే దాత ఒక వంతును ఇచ్చినవాడే.

యాత్రికుల కోసం మరొకటి. హీమోడయాలసిస్ రోగి కాశికి వెళ్ళినా, ఇక్కడికి వచ్చినా, ఆ ఊరిలోని కేంద్రంలో ముందుగా వంతు కుదుర్చుకొని, కామెర్ల మొదలైన రక్తపరీక్షల కాగితాలు వెంట తెచ్చుకోవాలి. పెరిటోనియల్ రోగి సంచులు వెంట తెచ్చుకుంటాడు. అతనికి కావలసినది చోటు. మా తమ్ముడు ఇక్కడికి వచ్చినప్పుడు సత్రం గదిలో అందుకు వీలు కాక, ఆ పూటకే తిరిగి వెళ్ళవలసి వచ్చింది. తలుపు మూసుకొనే చిన్న గది, ఫ్యాను ఆపే మీట, మోచేతులదాకా కడుక్కొనే కుళాయి, తుడిచిన బల్ల, సంచి తగిలించడానికి భుజం కంటె ఎత్తున గోడకొక కొక్కెం ఉంటే చాలు. ఈ విషయం ధర్మకర్తల మండలివారికి విన్నవించగా సంతోషంతో అంగీకరించి రెండు గదులు చూపించారు. వీధి వైపు గదిలోకి ధూళి వస్తున్నది. గోశాల దారిలోని రెండవ గది అనుకూలంగా ఉన్నది. కొక్కెం కొట్టించారు, కుళాయి పని మిగిలి ఉన్నది.